కోపాన్ని తూచిన త్రాసు

పట్టరాని కోపంలో ఉన్న మనిషిని చూసి మనం "కారాలూ మిరియాలూ నూరుతున్నాడు" అంటాం. 1999లో అమెరికాలో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ కారాన్నే కొలతగా పెట్టుకున్నారు. ఒక కప్పు, ఒక చెంచా, నోరు మండించే హాట్‌సాస్, గ్రాముల్లో తూచే త్రాసు. ఇవే వాళ్ళ పరికరాలు. ప్రయోగానికి వచ్చిన మనిషిని ముందు ఏదో ఒక విధంగా నొప్పిస్తారు. తర్వాత కప్పు చేతికిచ్చి, ఇంకో మనిషి ఈ సాస్ రుచి చూడబోతున్నాడు, ఎంత వెయ్యాలో మీ ఇష్టం, వేసిందంతా అతను తినాల్సిందే అని చెబుతారు. ఆ ఇంకో మనిషికి కారం పడదన్న సంగతి కూడా అప్పటికే చెవిన వేసి ఉంటారు. అతను సాస్ వేసి కప్పు పక్కన పెట్టాక దాన్ని తూస్తారు. ఎన్ని గ్రాములు ఎక్కువైతే అంత కోపం ఎక్కువన్నమాట.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. ఓ హోటల్ వంటవాడు పోలీసుల ఫలహారంలో కావాలని ఘాటు సాస్ కలిపి కేసులో చిక్కుకున్న ఉదంతం అంతకు కొన్నేళ్ళ ముందే అక్కడి వార్తల్లో నడిచింది. మనిషి కోపాన్ని తిండిలో కలిపి తీర్చుకుంటాడని లోకానికి తెలుసు. దాన్ని గ్రాముల్లోకి మార్చడం ఒక్కటే కొత్త.

హింసాత్మక వీడియోగేములు ఆడిన పిల్లలు బయట కూడా హింసకు దిగుతారా అన్న ప్రశ్న ఎవరు ఎత్తినా నాకు ముందు ఈ కప్పే గుర్తొస్తుంది. దాదాపు యాభై ఏళ్ళుగా ఆ ప్రశ్న మీద పరిశోధనలు జరిగాయి, చట్టాలు వచ్చాయి, కోర్టులు తీర్పులు చెప్పాయి, తల్లిదండ్రులు నిద్రలు మానుకున్నారు. "కోపాన్ని దేంతో కొలిచారు?" అని మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా నిలదీయలేదు. ఆ కొలబద్ద ఎలా తయారైందో, ఎక్కడ వంకర పోయిందో, ఎవరు దాన్ని సరిచేశారో చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

భయం 1976లో మొదలైంది. అప్పట్లో వీడియోగేమ్ అంటే ఎక్కువగా ఆర్కేడుల్లో నిలబెట్టిన బీరువాలాంటి పెట్టె, బిళ్ళ వేస్తే నడిచేది. కాలిఫోర్నియాలోని ఎక్సిడీ అనే చిన్న కంపెనీ ఆ ఏడాది 'డెత్ రేస్' అనే ఆట తెచ్చింది. చేతికి స్టీరింగు, కాలికింద పెడలు. నలుపు తెలుపు తెర మీద అగ్గిపుల్లలతో చేసినట్టున్న ఆకారాలు అటూ ఇటూ పరిగెత్తుతుంటాయి. కారుతో గుద్దితే కీచుమని ఓ అరుపు. ఆ చోట శిలువ గుర్తుతో సమాధిరాయి మొలుస్తుంది. సమాధులు పెరిగేకొద్దీ కారుకు దారి ఇరుకవుతుంది. అవి మనుషులు కావు, గ్రెమ్లిన్ అనే దయ్యాలు అని కంపెనీ చెప్పుకుంది. ఆ జవాబు ఎవరినీ ఊరడించలేదు. పత్రికలు రాశాయి, టీవీలు చూపించాయి. గొడవ పెరిగేకొద్దీ ఆటకు గిరాకీ కూడా పెరిగింది.

ఆ గొడవలో ఒక మాట మాత్రం నిలబడిపోయింది. ప్రమాదాల నివారణకు పనిచేసే నేషనల్ సేఫ్టీ కౌన్సిల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త అయిన జెరాల్డ్ డ్రీసెన్ వాదన అది. టీవీలో హింసను మనం కూర్చుని చూస్తాం, ఈ ఆటలో మన చేత్తో మనమే చేస్తాం, చూసేవాడు కాస్తా చేసేవాడైపోతాడు అన్నది దాని సారం. ఇది కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో చాలా భాగం ఈ ఒక్క అనుమానాన్ని నిజం చెయ్యడానికో, అబద్ధం చెయ్యడానికో పుట్టినవే.

అయితే అనుమానాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్ళాలంటే ముందు కొలత కావాలి. ప్రయోగం పేరుతో ఎవరి చేతికీ కత్తి ఇచ్చి ఎదుటివాణ్ణి పొడుస్తాడో లేదో చూడలేం. కాబట్టి హింసకు బదులు నిలబడే చిన్న పని ఒకటి వెతకాలి. ఆ వెతుకులాట డెత్ రేస్ కంటే పదిహేనేళ్ళ ముందే మొదలైంది.

1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా, డొరొథియా రాస్, షీలా రాస్ కలిసి అక్కడి నర్సరీ బడి పిల్లలు 72 మందిని తీసుకున్నారు. సగం మంది మగపిల్లలు, సగం మంది ఆడపిల్లలు. గదిలో బోబో అనే గాలి బొమ్మ ఉంది. మన తంజావూరు బొమ్మలాగే దాని అడుగున బరువుంటుంది, ఎంత పడదోసినా లేచి నిలబడుతుంది. కొందరు పిల్లల ముందు ఓ పెద్దమనిషి ఆ బొమ్మను సుత్తితో మోదాడు, తన్నాడు, తిట్టాడు. ఇంకొందరి ముందు బొమ్మ జోలికే పోకుండా ఓ మూల కూర్చుని ఆడుకున్నాడు. మూడో జట్టుకు ఏ పెద్దమనిషినీ చూపించలేదు. తర్వాత పిల్లల్ని మంచి మంచి ఆటవస్తువులున్న గదికి తీసుకెళ్ళి, రెండు నిమిషాలు ఆడనిచ్చి, ఇవి వేరే పిల్లలవి అని లాగేసుకున్నారు. కావాలనే ఉక్రోషం తెప్పించారు. ఆ పైన బోబో ఉన్న గదిలో వదిలి, అద్దం వెనక కూర్చుని 20 నిమిషాలు చూశారు. ప్రతి 5 సెకన్లకూ ఒక గుర్తు, మొత్తం ఒక్కో బిడ్డకు 240 గుర్తులు.

కొట్టడం చూసిన పిల్లలు కొట్టారు. అవే దెబ్బలు, అవే మాటలు. పిల్లలు చూసి నేర్చుకుంటారన్నది అంతకుముందు ఇంత కళ్ళకు కట్టినట్టు ఎవరూ చూపలేదు. ఆ ప్రయోగం గొప్పతనాన్ని నేను కాదనను. కానీ బోబో బొమ్మ పుట్టిందే దెబ్బలు తినడానికి. దాన్ని కొట్టిన పిల్లవాడు రేపు పక్కింటి పిల్లవాణ్ణి కొడతాడా అన్నది ఆ గదిలో తేలే విషయం కాదు. కొలబద్ద మీద పడ్డ మొదటి వంకర ఇది. దాన్ని అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

అదే 1961లో ఆర్నాల్డ్ బస్ అనే శాస్త్రవేత్త పెద్దవాళ్ళ కోసం ఓ యంత్రం తయారుచేశాడు. పేరే 'దూకుడు యంత్రం'. వచ్చిన మనిషి గురువుగా కూర్చుంటాడు. అవతల శిష్యుడు తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇవ్వాలి. ముందు పది మీటలు వరసగా ఉంటాయి. మొదటిది చీమకుట్టినట్టు, పదోది ఒళ్ళు జలదరించేట్టు. ఏది నొక్కాలో గురువు ఇష్టం. అవతల షాకు తగిలేది ఎవరికీ కాదు, శిష్యుడు కూడా ప్రయోగం చేసేవాళ్ళ మనిషే. నొక్కిన మీట అంకెను బట్టి దూకుడును లెక్కవేశారు. కానీ దీంట్లో ఓ చిక్కుంది. గట్టి షాకిస్తే శిష్యుడు తొందరగా నేర్చుకుంటాడనుకుని పెద్ద మీట నొక్కినవాళ్ళు కూడా ఉంటారు. బెత్తం తిన్న తరాలవాళ్ళం, మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొట్టే చేతిలో కోపమే ఉండాలని లేదు.

ఆ చిక్కు విప్పినవాడు స్టువర్ట్ టేలర్, 1967లో. గురుశిష్యుల కథ తీసేసి పందెం పెట్టాడు. సంకేతం రాగానే ఇద్దరిలో ఎవరు ముందు మీట నొక్కుతారో వాళ్ళు గెలిచినట్టు, ఓడినవాళ్ళకు షాకు. ఎంత షాకు తగలాలో ప్రతి పందేనికి ముందూ ఎదుటివాడే ఎంచుకుంటాడు. ఇక్కడ నేర్పించే ఉద్దేశం లేదు, మంచి చేస్తున్నానన్న సాకు లేదు. నిజానికి ఎదుటివాడే లేడు. ఎవరు ఎన్నిసార్లు గెలవాలో ఎన్నిసార్లు ఓడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. తర్వాతి రోజుల్లో షాకుల స్థానంలో హెడ్‌ఫోన్లలో మోగే హోరు శబ్దం వచ్చింది. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నవి రెండూ ఆడేవాడి చేతిలోనే. వీడియోగేముల మీద పరిశోధనలో ఎక్కువగా వాడిన కొలబద్ద చివరికి ఇదే అయింది.

ఇంతలో ఆటలు మారిపోయాయి. 1993 సెప్టెంబరులో 'మోర్టల్ కాంబాట్' ఆర్కేడుల్లోంచి ఇళ్ళకు వచ్చింది. అందులో గెలిచినవాడు ఓడినవాడి గుండెను పెరికేస్తాడు, వెన్నెముకతో సహా తలను లాగేస్తాడు. గీసిన బొమ్మలు కావు, నటుల్ని వీడియో తీసి ఆటలో పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 9న సెనేటర్లు జోసెఫ్ లీబర్మన్, హెర్బ్ కోల్ విచారణ నడిపారు. సెగా, నింటెండో కంపెనీల ప్రతినిధులు సభలోనే ఒకరి మీద ఒకరు నేరం మోపుకున్నారు. మీరే రేటింగులు పెట్టుకుంటారా, మమ్మల్ని చట్టం తెమ్మంటారా అని సెనేటర్లు అడిగారు. మరుసటి ఏడాది, 1994లో, ఏ ఆట ఏ వయసుకో చెప్పే ఇ.ఎస్.ఆర్.బి. అనే రేటింగు సంస్థ అలా పుట్టింది. ఈ కథలో పిల్లలకు నేరుగా పనికొచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే అట్టపెట్టె మూలన వేసే ఆ చిన్న అక్షరమే అని నేననుకుంటాను.

విచారణ జరిగిన మర్నాడే, డిసెంబరు 10న, టెక్సస్ కుర్రాళ్ళు తయారుచేసిన 'డూమ్' విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్లోకి ఎక్కి, అక్కణ్ణుంచి ప్రపంచం మీద పడింది. తుపాకీ పట్టిన చెయ్యి మనదే అన్నట్టు తెర మీద కనిపించే ఆట. అయిదేళ్ళు గడిచి 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తోటివాళ్ళను కాల్చి చంపి తామూ చచ్చిపోయారు. వాళ్ళు డూమ్ ఆడేవాళ్ళని బయటపడింది. దుఃఖంలో ఉన్న దేశానికి ఏదో ఒక కారణం కావాలి. చేతికి దగ్గరగా ఉన్న కారణం దొరికింది.

మరుసటి ఏడాది, 2000లో, క్రెయిగ్ ఆండర్సన్, కారెన్ డిల్ ప్రచురించిన పరిశోధన పత్రం కొలంబైన్ ప్రస్తావనతోనే మొదలవుతుంది. వాళ్ళ ప్రయోగంలో 210 మంది కాలేజీ విద్యార్థులున్నారు. సగం మంది నాజీల కోటలో కాల్చుకుంటూ పోయే 'వోల్ఫెన్‌స్టైన్ 3డి' ఆడారు. సగం మంది నిర్మానుష్యమైన దీవిలో చిక్కుముళ్ళు విప్పే 'మిస్ట్' ఆడారు. తర్వాత అందరినీ హోరు శబ్దం పందెంలో కూర్చోబెట్టారు, 25 సార్లు. వోల్ఫెన్‌స్టైన్ ఆడినవాళ్ళు ఓడిపోయిన వెంటనే ఎదుటివాడి చెవిలో హోరు మోగించే మీట కాస్త ఎక్కువసేపు నొక్కి ఉంచారు. శబ్దం ఎంత గట్టిగా అన్నదాంట్లో మాత్రం రెండు జట్ల మధ్యా తేడా రాలేదు.

ఆ "కాస్త ఎక్కువసేపు" పత్రికల్లోకి వచ్చేసరికి రూపం మార్చుకుంది. ఆ చిన్న తేడా నేరం దాకా సాగింది. దూకుడు, హింస, నేరం అన్నవి మూడు వేర్వేరు మాటలు. ఇంట్లో తలుపు ధడాలున వేసేవాడికీ తుపాకీ పట్టుకుని బడికి వెళ్ళేవాడికీ మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరాన్ని ఒక్క శీర్షికతో దాటేసిన రాతలు చూస్తే నాకు ఇప్పటికీ బాధే. ఎందుకంటే ఆ రాతల వల్ల తుపాకులు ఎలా దొరికాయన్న ప్రశ్న వెనక్కి పోయింది. బడిలో ఆ పిల్లల బతుకు ఎలా ఉండేదన్నదీ, వాళ్ళు ముందే ఇచ్చిన సూచనల్ని ఎవరు వదిలేశారన్నదీ పక్కకు జరిగిపోయాయి.

ఆ పరిశోధనల్ని ఆధారంగా చూపించి కాలిఫోర్నియా 2005లో చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు హింసాత్మక గేమ్ అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు అటు, ఇద్దరు ఇటుగా ఆ చట్టాన్ని కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, కొలిచిన ప్రభావం చిన్నదనీ, పిల్లల కార్టూన్ల ప్రభావం నుంచి దాన్ని విడదీయలేమనీ అన్నాడు. పెద్దలు పిల్లలకు చెప్పే గ్రిమ్ సోదరుల కథల్లో ఎంత రక్తముందో కూడా గుర్తుచేశాడు. మన చందమామ కథల్లో తలలు తెగిపడ్డ రాక్షసుల్ని తలుచుకుంటే ఆ మాట మనకూ తగులుతుంది. కానీ అవతల జస్టిస్ బ్రేయర్ తన అసమ్మతి తీర్పు వెనక పరిశోధన పత్రాల పొడవాటి జాబితాను అతికించాడు. ప్రభావం ఉందన్నవీ లేదన్నవీ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఒకే విషయం మీద అన్ని పత్రాలుండి రెండు రకాల జవాబులెందుకు వస్తున్నాయి? న్యాయమూర్తులకు ఆ సంగతి తేల్చే పని లేదు. తేల్చాల్సింది శాస్త్రవేత్తలే.

మొదటి జవాబు అదే ఏడాది కెనడా నుంచి వచ్చింది. బ్రాక్ విశ్వవిద్యాలయంలో పాల్ అడాచి, టీనా విలోబీ ఇద్దరూ మళ్ళీ కారం కప్పును బయటికి తీశారు. వోల్ఫెన్‌స్టైన్‌కూ మిస్ట్‌కూ హింసలోనే కాదు, వేగంలోనూ పోటీలోనూ కూడా తేడా ఉంది కదా, దూకుడుకు అసలు కారణం ఏది అన్నది వాళ్ళ ప్రశ్న. నరుకుడు ఆట 'కోనన్', కార్ల పందెం 'ఫ్యూయల్' తీసుకుని, రెండూ ఒకే మోస్తరు పోటీ, ఒకే మోస్తరు కష్టం ఉండేలా చూసుకున్నారు. కప్పుల్లో తేడా లేదు. తర్వాత నాలుగు ఆటల్ని పోల్చి చూస్తే, రక్తం ఉన్నా లేకపోయినా, పోటీ ఎక్కువున్న ఆటలు ఆడినవాళ్ళే ఎక్కువ సాస్ వేశారు.

2014లో ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. వేర్వేరు ఆటల్ని పోల్చే గొడవే లేకుండా, 'హాఫ్ లైఫ్ 2' అనే ఒకే ఆటను రెండు రూపాల్లో తయారుచేశారు. ఒకదాంట్లో ఎదుటివాడు రక్తం కక్కుకుని చస్తాడు. రెండోదాంట్లో తగిలిన ఎదుటివాడు గాల్లోకి తేలి మాయమైపోతాడు, పిల్లల అంటుకునే ఆటలాగ. దూకుడు హింసను బట్టి మారలేదు. ఆట ఎలా ఆడాలో ముందు నేర్పించారా లేదా అన్నదాన్ని బట్టి మారింది. ఏ రక్తమూ లేని టెట్రిస్‌తో కూడా చూశారు. ఓ జట్టుకు మామూలు ఆట ఇచ్చి, ఇంకో జట్టుకు చేతికి లొంగకుండా మార్చిన ఆట ఇచ్చారు. అంతకుముందే ప్రతి ఒక్కరూ మంచులా చల్లని నీళ్ళలో 25 సెకన్లు చెయ్యి పెట్టి ఆ బాధ ఎలా ఉంటుందో తెలుసుకున్నారు. తర్వాత వచ్చేవాడు ఎంతసేపు పెట్టాలో చెప్పమంటే, లొంగని టెట్రిస్ ఆడినవాళ్ళు సగటున 10 సెకన్లు ఎక్కువ చెప్పారు.

ఆ పత్రం చదివిన వారంలోనే మా ఇంట్లో ఫోను గోడకు తగిలి కిందపడింది. సెలవులకు వచ్చిన మా చెల్లెలి కొడుకు పని. పద్నాలుగేళ్ళు. వందమంది ఓ దీవిలో దిగి ఒక్కడు మిగిలేదాకా కాల్చుకునే ఆట ఆడుతున్నాడు. ఏమైందిరా అంటే కళ్ళనిండా నీళ్ళు. "చివర్లో ముగ్గురమే మిగిలాం పెద్దమ్మా. నెట్ పోయింది." అరగంట సేపు వాడు కనీసం ముప్పైమందిని కాల్చి ఉంటాడు, అప్పుడంతా నవ్వుతూనే ఉన్నాడు. కోపం వచ్చింది చెయ్యి జారిపోయినప్పుడు. క్యారమ్ బోర్డు మీద ఆఖరి కాయ జారినప్పుడు బోర్డునే ఎత్తేసిన మా బాబాయి కూడా నాకు అప్పుడే గుర్తొచ్చాడు.

కొలబద్దకు అసలు దెబ్బ కొట్టినవాడు జర్మన్ పరిశోధకుడు మాల్టె ఎల్సన్. హోరు శబ్దం పందెంలో ప్రతి మనిషి దగ్గరా బోలెడు అంకెలు మిగులుతాయి. శబ్దం ఎంత గట్టిగా, ఎంతసేపు, మొదటిసారి ఎంత, ఓడాక ఎంత, గెలిచాక ఎంత, మొత్తం సగటు ఎంత. వీటిలో దేన్ని "దూకుడు" అనాలి? ఒప్పందం ఏమీ లేదు. 2014లో ఎల్సన్, అతని సహచరులు ఒకే ప్రయోగం అంకెల్ని తీసుకుని వేర్వేరు పద్ధతుల్లో లెక్కకట్టి చూపించారు. ఓ లెక్కలో ప్రభావం ఉంది, ఓ లెక్కలో లేదు, ఇంకో లెక్కలో తలకిందులైంది. తర్వాత అతను ఆ పందెం వాడిన పత్రాలన్నిటినీ పోగుచేశాడు. 130 పత్రాల్లో 157 రకాల లెక్కలు తేలాయి. పత్రాల కంటే పద్ధతులే ఎక్కువ. బట్టల కొట్టులో ఒక్కో తానుకు ఒక్కో గజం బద్ద పెట్టి కొలిస్తే ఏమంటాం?

ఆ పత్రాలు రాసినవాళ్ళంతా మోసగాళ్ళని నేననడం లేదు. నమ్మకంతో వెతికేవాడి చెయ్యి తెలియకుండానే తనకు కావలసిన అంకె వైపు పోతుంది. ఆ జబ్బు ఒక్క వీడియోగేముల పరిశోధనదే కాదు. 2011లో జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, యూరీ సైమన్‌సన్ అనే ముగ్గురు దాన్ని అందరికీ అర్థమయ్యేలా నిరూపించారు. విద్యార్థులకు ఓ బీటిల్స్ పాట వినిపించి, అప్పట్లో అందరూ ఒప్పుకునే లెక్కల పద్ధతులే వాడి, ఆ పాట విన్నవాళ్ళ వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిపోయిందని తేల్చారు. పాట వింటే వయసు తగ్గదు. లెక్కను చివర్లో ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే దేన్నైనా రుజువు చెయ్యొచ్చని చూపడానికే వాళ్ళు ఆ పని చేశారు.

దానికి విరుగుడుగా పుట్టింది ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆవిష్కరణ. యంత్రం కాదు, తీగలు లేవు, మీటలు లేవు. 2013లో కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ చేంబర్స్ చొరవతో 'కార్టెక్స్' అనే పత్రిక ఓ పద్ధతి పెట్టింది. ఎవరిని అడుగుతాం, ఏం కొలుస్తాం, ఏ లెక్క కడతాం అన్నది సమాచారం చేతికి రాకముందే రాసి ఇవ్వాలి. పరిశీలకులు ఆ పథకాన్ని చూసి బాగుందంటే, ఫలితం ఎటు వచ్చినా పత్రిక వేసుకుంటుంది. ప్రభావం ఉందని తేలినా వేస్తుంది, లేదని తేలినా వేస్తుంది. మన ఊళ్ళలో పందెం కట్టేముందు మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టినట్టు, మాట ముందే ఇంకొకరి దగ్గర ఉంటుంది. తర్వాత వెనక్కి తీసుకోలేం.

ప్రిజిబిల్‌స్కీ, నెటా వైన్‌స్టైన్ ఆ పద్ధతిలోనే వీడియోగేముల ప్రశ్నను మళ్ళీ అడిగారు. బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లలు 1,004 మంది, అంతేమంది తల్లిదండ్రులో సంరక్షకులో. నువ్వాడిన ఆటల్లో హింస ఎంత అని పిల్లల్నే అడిగి ఊరుకోలేదు. ఆట పేరు రాయించుకుని దాని అధికారిక రేటింగు చూశారు. పిల్లవాడి ప్రవర్తన గురించి ఇంట్లో పెద్దల్ని అడిగారు. కోపంతో ఊగిపోతాడా, తోటివాళ్ళతో కొట్లాడతాడా అని. బొమ్మ లేదు, షాకు లేదు, హోరు లేదు, కప్పు లేదు. ఇన్నేళ్ళ ప్రయోగాల్లో "అవతలి మనిషి" అని చెప్పినచోట అవతల నిజంగా దెబ్బ తగిలే మనిషి లేడు. ఈసారి జవాబిచ్చింది ఆ బిడ్డకు రోజూ అన్నం పెట్టే మనిషి. 2019 ఫిబ్రవరిలో ఫలితం అచ్చయింది. హింసాత్మక ఆటలు ఎంత ఆడారన్నదానికీ దూకుడుకూ సంబంధం కనిపించలేదు.

వివాదం అంతటితో ముగిసిందంటే అది నిజాయితీ కాదు. 2018లో అన్నా ప్రెస్కాట్, జేమ్స్ సార్జెంట్, జే హల్ వేర్వేరు దేశాల్లో జరిగిన 24 అధ్యయనాలను, 17 వేలకు పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. ఇవి ల్యాబులో పది నిమిషాలు చేసినవి కావు, కాలం గడిచాక పిల్లల్ని మళ్ళీ కలిసి అడిగినవి. హింసాత్మక ఆటలు ఆడినవాళ్ళలో కొట్లాటలు కొంచెం పెరిగినట్టు తేలింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన సంబంధం 0.08. పిల్లల మధ్య దూకుడులో కనిపించే హెచ్చుతగ్గుల్లో సుమారుగా నూటికి ఒక పాలు కూడా దీని ఖాతాలో పడదు. అది సున్నా కాదని ఒక పక్షం, అంత చిన్నదాన్ని కొలత పొరపాటు నుంచి విడదీయలేమని మరో పక్షం. నేను రెండూ చదివాను. సున్నా కాకపోవచ్చని ఒప్పుకుంటాను. కానీ 1990ల మధ్య నుంచి అమెరికాలో ఇలాంటి ఆటల అమ్మకాలు పెరుగుతూ పోతుంటే యువకుల హింసానేరాలు తగ్గుతూ వచ్చిన మాటను కూడా పక్కన పెట్టలేను. 2020 మార్చిలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన తీర్మానాన్ని సవరిస్తూ ఇదే అర్థం వచ్చేలా చెప్పింది. చిన్నపాటి దూకుడుతో సంబంధం ఉంది, కాల్పుల్లాంటి హింసను ఆటలకు అంటగట్టడం మాత్రం శాస్త్రీయం కాదు అని.

బ్రిటన్ పిల్లల ఫలితం అచ్చయిన మరుసటి నెలలోనే మన దేశంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ అనే ఫోను ఆటను నిషేధించారు. పిల్లల్లో, యువకుల్లో హింసాప్రవృత్తి పెరుగుతోందన్నది చెప్పిన కారణం. కొద్దిరోజుల్లోనే ఫోన్లో ఆట ఆడుతున్నారని పదిమంది కుర్రాళ్ళను అరెస్టు చేశారు. ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం అదే ఆటను మరో 117 యాప్‌లతో కలిపి దేశమంతటా ఆపేసింది. ఈసారి చెప్పిన కారణం దేశ భద్రత, సమాచార రక్షణ.

ఆ మధ్య మా చెల్లెలు ఫోన్ చేసి, "వీడి చేతిలోంచి ఆ ఫోను లాగేసుకోనా అక్కా? రేపు ఎవరినైనా ఏమైనా చేస్తాడేమోనని భయంగా ఉంది" అంది. ఆ ఆట పేరు చెప్పమన్నాను, రేటింగు ఎంతుందో చూడమన్నాను. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, బడికి ఎవరితో కలిసి వెళ్తున్నాడు, అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడిగాను. మొదటి రెండింటికీ వెంటనే జవాబు చెప్పింది. మిగతావాటికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వే ఓసారి వాడితో కూర్చో అక్కా" అంది చివరికి.

ఆదివారం వెళ్ళాను. వాడు ఫోను నా చేతికిచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఏ ఇంట్లోకి దూరాలో, అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో, గాయమైనవాణ్ణి ఎలా లేపాలో ఒక్కొక్కటే చెప్పాడు. నేను మళ్ళీ మళ్ళీ అదే తప్పు చేస్తుంటే, నా బొటనవేలు పట్టుకుని సరైన చోట పెట్టి, "తొందరేం లేదు పెద్దమ్మా, మళ్ళీ చూడు" అన్నాడు.